తలకు దెబ్బ తగిలిన జవానుకు మనం ఇచ్చే తప్పుడు సలహాలు

“బోర్డు ముందు హుషారుగా ఉండు బావా. గడ్డం నున్నగా గీసుకో. బూట్లు మెరవాలి. ఏమడిగినా ‘ఠీక్ హై సాబ్’ అను. ఇంకో మాట మాట్లాడకు.”

2009లో నేనిచ్చిన సలహా ఇది. మా చెల్లెలి భర్త ఆర్టిలరీలో డ్రైవరుగా 17 ఏళ్ల సర్వీసు ముగించుకుని ఇంటికి రాబోతున్నాడు. పంపించే ముందు రిలీజ్ మెడికల్ బోర్డు కూర్చుంటుంది. ఒంట్లో ఏ లోపముంది, అది సర్వీసు వల్ల వచ్చిందా, ఎంత శాతం అన్నవి అక్కడే రాస్తారు. డిసేబిలిటీ పెన్షన్ వచ్చేదీ రానిదీ ఆ కాగితమే తేలుస్తుంది. నేనప్పటికి ఆర్మీలోనే క్లర్కుని, సుబేదారుని. ఇంట్లో అందరికీ నా మాట మీద గురి. ఆయన నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఆ పెన్షన్ చేతికి అందడానికి తర్వాత ఎనిమిదేళ్లు పట్టింది. మూడేళ్ల బకాయి అసలు రాకుండానే పోయింది.

రిటైరయ్యాక మా శ్రీకాకుళం వైపు మాజీ సైనికులకు అర్జీలూ అప్పీళ్లూ రాసిపెడుతున్నాను. కాలు పోయినవాళ్లు వస్తారు, వినికిడి పోయినవాళ్లు వస్తారు, వాళ్ల పనులు ఏదో ఒక దారిన నడుస్తాయి. తలకు దెబ్బ తగిలినవాడు మాత్రం తనంతట తాను రాడు. ఆయన భార్య వస్తుంది, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టుకుని. అప్పటికే అందరి సలహాలూ పాటించి, ఓడిపోయి వస్తుంది. క్యాంటీన్ లైన్లోనో, పెళ్లి పందిట్లోనో ఎవరో మంచి కోరి ఇచ్చిన సలహాలే అవన్నీ. కాలి గాయానికైతే వాటిలో సగం పనికొచ్చేవి కూడాను. అవే తల గాయం దగ్గరికొచ్చేసరికి కేసును ముంచుతున్నాయి. నేనిచ్చినవీ నేను విన్నవీ ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఈ మాటలు అంటుంటే దయచేసి అడ్డుపడండి.

“బోర్డు ముందు హుషారుగా ఉండు”

మా బావకు దెబ్బ తగిలింది 2003 డిసెంబరులో, అరుణాచల్‌లో, సేలా కనుమ దిగువన. రోడ్డు మీద మంచు గడ్డకట్టి బండి జారి పక్కకు పడింది. ఆయనకు స్పృహ ఎప్పుడొచ్చిందో ఆయనకు తెలియదు. ఆసుపత్రిలో గడిపిన మొదటి రెండు రోజులు ఈనాటికీ గుర్తులేవు. పైకి పెద్ద గాయమేమీ లేదు, చెవి వెనక నాలుగు కుట్లు. కొన్ని వారాలకు మళ్లీ డ్యూటీ ఎక్కాడు. 2005లో మొదటిసారి ఫిట్స్ వచ్చాయి, మెడికల్ కేటగిరీ తగ్గించారు, స్టీరింగు వదలాల్సొచ్చింది. బోర్డు నాటికి పరిస్థితి ఇదీ.

బోర్డు ఫారంలో మొదటి భాగం జవాను సొంత స్టేట్‌మెంటు. నీకున్న జబ్బులూ గాయాలూ ఏమిటి, ఎప్పుడు ఎక్కడ మొదలయ్యాయి అని అందులో అడుగుతారు. మా బావ ‘ఫిట్స్, 2005’ అని రాసి సంతకం పెట్టాడు. 2003 నాటి ప్రమాదం ఆ పేజీలో లేదు. ఎందుకు లేదంటే, “పాత యాక్సిడెంటు సంగతి ఇప్పుడెందుకు తవ్వడం, మానిపోయిందిగా” అని నేనే అన్నాను. ఫిట్స్‌నూ ప్రమాదాన్నీ కలిపే దారం అక్కడే తెగిపోయింది. దాన్ని ముడివేయడానికే తర్వాతి ఎనిమిదేళ్లూ పోయాయి.

డాక్టరు తారీకు అడిగాడు, ఊరు అడిగాడు, వందలోంచి ఏడేసి తీసెయ్యమన్నాడు. అన్నీ చెప్పాడు. నిద్ర పడుతోందా అంటే పడుతోందన్నాడు. కోపం వస్తోందా అంటే లేదన్నాడు. ఆయన అబద్ధమాడాడని నేననను. ఆయనకు నిజంగానే అలా అనిపిస్తుంది. మెదడు ముందు భాగం దెబ్బతింటే మనిషికి తనలో వచ్చిన మార్పు తనకే సరిగా కనిపించదు. కాలు కుంటుతుంటే కుంటే మనిషికి తెలుస్తుంది. తల గాయంలోనైతే దెబ్బ తగిలింది సాక్ష్యం చెప్పాల్సిన మెదడుకే. పైగా ఒక అరగంట నిలదొక్కుకోవడం కష్టం కాదు. ఎవరైనా ముందు కూర్చుని ఒక్కో ప్రశ్నా వరసగా అడుగుతుంటే మెదడుకు ఊతం దొరుకుతుంది. ఆ ఊతం లేనిచోట, అంటే సంతలోనో, పిల్లల గోల మధ్యనో, రెండు పనులు ఒకేసారి చెయ్యాల్సొచ్చినప్పుడో మనిషి కూలబడతాడు. బోర్డు చూసింది ఉదయం 10 గంటల మనిషిని. మా చెల్లెలు చూసేది సాయంత్రం 6 గంటల మనిషిని.

కాబట్టి నేనిప్పుడు చెప్పేది ఇది. బోర్డుకు వెళ్లేముందే ఇంట్లోవాళ్లు కూర్చుని ఒక కాగితం రాయాలి. మొదటి వాక్యంలో దెబ్బ తగిలిన తేదీ, చోటు, డ్యూటీ ఉండాలి. స్పృహ తప్పిందా, ఎంతసేపు, తర్వాత ఎన్ని గంటలు లేక ఎన్ని రోజులు గుర్తులేవు అన్నది ఆ వెంటనే రావాలి. గుర్తులేని ఆ కాలం ఎంత పొడుగైతే దెబ్బ అంత తీవ్రమైనదని వైద్యులు లెక్క కడతారు. ఆ తర్వాత ఇంట్లో కనిపించే మార్పులు. ఆ కాగితం చూసి సొంత స్టేట్‌మెంటు నింపమనండి. బోర్డు ముందు గుర్తొస్తుందిలే అనుకోకండి. గుర్తుండకపోవడమే ఆ గాయం లక్షణం.

“ఆడవాళ్లెందుకు, మనిద్దరం వెళ్దాం”

ఇది కూడా నాదే. మొదటి అప్పీలు రాసేటప్పుడు చెల్లెల్ని కనీసం పక్కన కూర్చోబెట్టుకోలేదు. బావా నేనూ వరండాలో కూర్చుని రాశాం, ఆమె టీ తెచ్చిచ్చి లోపలికెళ్లింది. కేసుకు కావలసిన సాక్ష్యమంతా ఆమె దగ్గరే ఉందని నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది.

ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. ఎండు నెత్తళ్లు వేయిస్తోంది. వీధి మొగలోనే నాకు వాసన తెలిసిపోయింది. బావ పొయ్యికి నాలుగడుగుల దూరంలో పీట మీద కూర్చుని, “ఇవాళేం కూర?” అని అడిగాడు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

“మీ బావకి వాసన తెలీదన్నయ్యా. అరుణాచల్ నుంచి వచ్చిన కాణ్నుంచీ తెలీదు. గ్యాసు లీకైనా తెలీదు. అందుకే నేను లేనప్పుడు సిలిండరు కట్టేసి వెళ్తున్నాను.”

“ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“మీరు అడగలేదు కదా.”

తర్వాత న్యూరాలజిస్టు నాకు విడమరిచి చెప్పాడు. ముక్కు పైకప్పులో జల్లెడలాంటి సన్నని ఎముక ఉంటుంది. వాసన తెలిపే నరాల పోగులు దాని రంధ్రాల్లోంచి మెదడులోకి వెళ్తాయి. తల ఒక్కసారిగా అదిరినప్పుడు మెదడు ముందుకూ వెనక్కూ ఊగి ఆ పోగులు తెగిపోవచ్చు. వాసన పోవడమన్నది తలకు దెబ్బ తగిలిందనడానికి ఒక గుర్తు కావచ్చు. కాఫీ పొడి, సబ్బు ముక్క, లవంగం పెట్టుకుని ఏ డాక్టరైనా అయిదు నిమిషాల్లో చూసి రాయగలడు. మా బావ ఫైలులో ఆ అయిదు నిమిషాలు ఎక్కడా లేవు. ఎవరికీ తట్టలేదు, ఆయన చెప్పలేదు, చెప్పగలిగిన మనిషిని మేం వంటింట్లో ఉంచాం.

ఆ రోజే క్యాలెండరు సంగతి కూడా బయటపడింది. ఫిట్స్ అమావాస్యకు వస్తాయని ఊళ్లో ఎవరో చెబితే, నిజమో కాదో చూద్దామని ఆమె గోడ మీది తిథుల క్యాలెండర్లో ఫిట్స్ వచ్చిన రోజు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టడం మొదలుపెట్టిందట. మొదట సెలవుకొచ్చినప్పుడు మాత్రమే, రిటైరయ్యాక ప్రతి నెలా. అమావాస్యకూ ఫిట్స్‌కూ ఏ సంబంధమూ లేదని రెండేళ్లలో తేలిపోయింది. కానీ సున్నాలు చుట్టడం ఆమె మానలేదు. సున్నా పక్కన చిన్న చిన్న గుర్తులు కూడా ఉన్నాయి. ‘త’ అంటే తలనొప్పితో పడుకున్న రోజు. ‘దా’ అంటే దారి తప్పిన రోజు. ఒక ఏడాది క్యాలెండరు మాత్రం కనిపించలేదు, వెతికితే మేనల్లుడి లెక్కల పుస్తకానికి అట్టగా దొరికింది. ఆ అట్ట విప్పి ఇస్త్రీ పెట్టి చదును చేసి జిరాక్సు తీయించాను.

ఇంట్లో ఇలా రాసుకునేవాళ్లకు ఏయే విషయాలు చూడాలో తెలిస్తే మేలు. అమెరికాలో మాజీ సైనికుల శాఖ 2008 అక్టోబరు నుంచి తల గాయాన్ని పది కోణాల్లో కొలుస్తోంది. జ్ఞాపకం-ఏకాగ్రత, మంచిచెడుల నిర్ణయం, నలుగురిలో మెలగడం, తేదీ-చోటు గుర్తుండటం, కాళ్లూచేతులూ మాట వినడం, దారులు గుర్తుపట్టడం, తలనొప్పి-తల తిరగడంలాంటి బాధలు, కోపం-విసుగులాంటి ప్రవర్తన, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, స్పృహ. మన దగ్గర ఆ పట్టికకు చట్టం విలువేమీ లేదు. అయినా డైరీకి అంతకన్నా మంచి శీర్షికలు నాకు దొరకలేదు. నా దగ్గరికొచ్చే ప్రతి ఆడపడుచుకూ ఆ పదీ తెలుగులో రాసిచ్చి, దేనికింద ఏం జరిగితే అది తేదీతో సహా రాయమంటాను. “ఆయనకు మతిమరుపు ఎక్కువ” అని రాస్తే పనికిరాదు. “మార్చి 12, మంగళవారం. పాల డబ్బులు పొద్దున ఇచ్చి సాయంత్రం మళ్లీ ఇచ్చాడు, పాలవాడే తిరిగి తెచ్చిచ్చాడు” అని రాయాలి. ఇరుగుపొరుగులో ఇద్దరి చేత, పాత యూనిట్లో కలిసి పనిచేసిన ఒకరి చేత కూడా స్టేట్‌మెంట్లు రాయించుకోవచ్చు. యూనిట్‌మేటు మాట మరీ విలువైనది. దెబ్బకు ముందు మనిషి ఎలా ఉండేవాడో చెప్పగలిగేది అతనొక్కడే.

“స్కానింగు నార్మల్ వచ్చిందిగా, ఇంకేం అడుగుతావ్”

ఈ మాట డాక్టర్ల నోటే ఎక్కువసార్లు విన్నాను. సీటీ స్కానులో రక్తం గడ్డకట్టడం, పుర్రె ఎముక పగలడం కనిపిస్తాయి. మెదడు అదిరినప్పుడు లోపలి సన్నని పోగులు సాగి తెగడం అందులో కనిపించదు. ఎమ్మారైలో కొంత కనిపించొచ్చు, కనిపించకనూ పోవచ్చు. సీటీ బాగుందంటే ఆపరేషను అవసరం లేదని మాత్రమే అర్థం. ఆ నార్మల్ రిపోర్టును దాచేయమనీ, పారేయమనీ చెప్పేవాళ్లున్నారు. అది ఇంకా తప్పు. ఆ రిపోర్టు మీద తేదీ ఉంటుంది. తలకు దెబ్బ తగిలిందనే అనుమానంతో ఫలానా రోజున స్కాన్ తీశారని చెప్పే సర్కారీ కాగితం అది. మా బావ కేసులో దెబ్బకు మొదటి రుజువు ఆ నార్మల్ స్కానే అయింది.

స్కాన్‌కు అందనిది న్యూరోసైకాలజీ పరీక్షలకు అందుతుంది. కొన్ని గంటలపాటు జ్ఞాపకం, వేగం, ఏకాగ్రత, పథకం వేసుకోవడం ఒక్కొక్కటీ విడివిడిగా కొలుస్తారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో మన దేశపు మనుషుల కోసమే తయారు చేసిన పరీక్షల సంపుటి ఉంది. పది నిమిషాల్లో అయిపోయే ముప్పై మార్కుల పరీక్షలో 29 వచ్చాయని ఎవరైనా అంటే, దాంతో తృప్తిపడకండి. అది ముసలితనపు మతిమరుపును పట్టడానికి అల్లిన వల. మెదడు ముందు భాగం గాయం దాని కళ్లలోంచి జారిపోతుంది.

దీనికి పక్కనే ఇంకో సలహా తిరుగుతుంటుంది. “కాస్త ఎక్కువ చేసి చెప్పు, పేరు కూడా గుర్తులేనట్టు నటించు” అని. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆ పరీక్షల్లో కావాలని తప్పు చెప్పేవాణ్ని పట్టే పరీక్షలు కూడా కలిసి ఉండొచ్చు. ఒక్కచోట నటన దొరికితే మిగతా నిజమంతా కొట్టుకుపోతుంది. పైగా తల గాయం ఉన్న మనిషికి నటన నిలకడగా నడపడం చేతకాదు.

“ఫిట్స్ వంశంలో ఉన్నాయని రాశారు, ఇక చేసేదేం లేదు”

బోర్డు మా బావకు రాసింది రెండే ముక్కలు. ఫిట్స్ 20 శాతం, కానీ సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల పెరగలేదు. జవాన్లం దీన్ని ‘నానా’ అంటాం. పక్కన కారణం ‘శరీర తత్వం’ అని ఒక్క మాట, అంటే పుట్టుకతోనే ఉన్నదని. మా వంశంలో గానీ వాళ్ల వంశంలో గానీ ఎవరికీ ఫిట్స్ లేవు, ఎవరూ అడగనూ లేదు. అయినా నేను ఆ పదాన్ని చదివి తల వంచాను. పై డాక్టర్లు రాసిందాన్ని క్లర్కు ప్రశ్నించడమేమిటనుకున్నాను.

ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి అలా అనుకోలేదు. 1985లో ఆర్మీ సిగ్నల్స్ విభాగంలో చేరాడు. ఫిట్స్ వచ్చాయని 20 శాతం వైకల్యంతో 1994లో ఇంటికి పంపేశారు. శరీర తత్వం వల్ల వచ్చింది, సర్వీసుకు సంబంధం లేదు అని బోర్డు రాసింది. హైకోర్టులో ఒకసారి గెలిచాడు, డివిజన్ బెంచ్ ముందు ఓడాడు, సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2013 జులై 2న జస్టిస్ పట్నాయక్, జస్టిస్ ముఖోపాధ్యాయ ధర్మాసనం ఆయనకు పెన్షన్ ఇవ్వమంది. తీర్పు సారాంశం ఏ జవానుకైనా అర్థమయ్యేదే. చేర్చుకునేటప్పుడు మెడికల్ చేసి బాగున్నాడని మీరే రాశారు. ఆ జబ్బు గురించి అప్పుడు ఒక్క ముక్కా రాయలేదు. కాబట్టి తర్వాత వచ్చింది సర్వీసులో వచ్చిందనే అనుకోవాలి. కాదంటారా, కాదని రుజువు చేసే భారం మీది, జవానుది కాదు. అనుమానముంటే ఆ లాభం జవానుకే చెందుతుంది. ముందే కనిపెట్టలేకపోయామని అనదలుచుకుంటే బోర్డు కారణాలు రాయాలి. కోర్టు ఇదంతా కొత్తగా పుట్టించలేదు. 1982 నాటి ఎంటైటిల్‌మెంట్ రూల్స్‌లో ఉన్నదే ఎత్తి చూపింది. ఆ రూల్స్ పుస్తకం నా ఆఫీసు బీరువాలో ఉండేది. నేను తీసి చదవలేదు.

తల గాయం కేసుల్లో ఈ తీర్పు ఇంకా గట్టిగా పనిచేస్తుంది. ధరమ్‌వీర్‌కు లేని వాదన ఒకటి మనకు ఉంటుంది కదా. తలకు దెబ్బ తగిలిన నెలలకో ఏళ్లకో ఫిట్స్ రావచ్చని వైద్యం ఒప్పుకుంటుంది. న్యూరాలజిస్టు చేత ఒక్క పేజీ రాయించండి. దెబ్బ ఎప్పుడు, ఎంత తీవ్రం, ఫిట్స్ ఎప్పుడు, ఒకదాని వల్ల ఇంకోటి వచ్చిందని తాను ఎందుకు నమ్ముతున్నాడు. ఆఖరి వాక్యంలోని ఆ ‘ఎందుకు’ లేకపోతే పేజీ దండగ.

ఇక్కడో జాగ్రత్త. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్ వచ్చాయి. ఆ తేదీ తర్వాత బయటికొచ్చినవాళ్ల లెక్క వేరు. పాత తీర్పుల్ని మక్కీకి మక్కీ దించేసుకోకుండా తెలిసిన వకీలుకు చూపించాలి.

“అప్పీల్లో ఆయన పడుతున్న బాధంతా రాయి, చదివినవాళ్ల గుండె కరగాలి”

2009 చివర్లో నేను రాసిన మొదటి అప్పీలు నాలుగు పేజీలు. నేను రాసిన అన్నిటిలోకీ బాగా రాశానని అప్పట్లో అనుకున్నాను. తలనొప్పులు, ఫిట్స్, ఇద్దరు పిల్లలు, అప్పులు. 2010లో తిరస్కరిస్తూ జవాబొచ్చింది. తిరస్కరించినవాళ్లను నేను తప్పుపట్టలేను. వాళ్లు నాకు వేసిన ప్రశ్న ఒకటి, నేను రాసిన జవాబు ఇంకోటి.

డిసేబిలిటీ కేసులో రెండు ప్రశ్నలుంటాయి. సర్వీసు వల్ల వచ్చిందా అన్నది మొదటిది. ఎంత శాతం అన్నది రెండోది. తిరస్కరణ ఉత్తరంలో ఏ ప్రశ్న దగ్గర ఆపారో చూసి దానికే జవాబు రాయాలి. మా బావకు 20 శాతం ఉందని బోర్డే ఒప్పుకుంది. ఆగింది మొదటి ప్రశ్న దగ్గర. నేనేమో నాలుగు పేజీలూ శాతం గురించి ఏడ్చాను. దెబ్బ తగిలిన తేదీ ఆ నాలుగు పేజీల్లో ఒక్కసారే వచ్చింది, అదీ మూడో పేజీ అడుగున.

మొదటి ప్రశ్నకు జవాబు కన్నీళ్లలో ఉండదు, కాగితాల్లో ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు యూనిట్ నింపిన ఇంజ్యురీ రిపోర్టు, అంటే ఐఏఎఫ్‌వై-2006 ఫారం. డ్యూటీలో ఉన్నాడా లేదా అని కమాండింగ్ ఆఫీసర్ అందులోనే రాస్తాడు. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరిగితే ఆ కాగితాలు. ఆసుపత్రి కేస్‌షీటు, డిశ్చార్జి స్లిప్పు. మెడికల్ కేటగిరీ తగ్గించిన ప్రతిసారీ జరిగిన బోర్డు ప్రొసీడింగ్స్. భర్తీ నాటి మెడికల్. మన దగ్గర లేకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి సమాచార హక్కు కింద రికార్డ్స్ ఆఫీసుకు రాస్తే వస్తాయి. మాకు ఇంజ్యురీ రిపోర్టు అలాగే వచ్చింది. మంచు మీద బండి జారిందనీ, డ్యూటీలో ఉన్నాడనీ, తప్పు అతనిది కాదనీ అందులో మూడు పంక్తుల్లో టైపు చేసి ఉంది. ఆ మూడు పంక్తుల కోసం నేను నాలుగు పేజీలు రాశాను.

“ఆర్నెల్లు దాటితే తలుపులు మూసేస్తారు”

మొదటి తిరస్కరణ తర్వాత నేను చెప్పిన మాట ఇదే. ఆ మాట నమ్మి నాలుగేళ్లు ఊరుకున్నాం. మొదటి అప్పీలుకు, రెండో అప్పీలుకు ఆర్నెల్లేసి గడువుందన్న మాట నిజం. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి కూడా ఆర్నెల్లే. గడువులోపల వెయ్యడమే ఎప్పుడైనా మంచిది. అయితే పెన్షన్ నెలనెలా రావలసినది, నెలనెలా అన్యాయం కొత్తగా జరుగుతున్నట్టే. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇలాంటి వాటిని ఆలస్యమైందన్న ఒక్క కారణంతో తోసెయ్యనక్కర్లేదంది. కాకపోతే బకాయి మాత్రం కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే. మేం రెండో అప్పీలు వేసి, అదీ పోయాక 2015లో ట్రిబ్యునల్‌కు వెళ్లాం. 2012 నుంచి బకాయి వచ్చింది. 2009 నుంచి 2012 దాకా పోయిన డబ్బు నా సలహా ఖర్చు. మా మేనకోడలు నర్సింగులో చేరాల్సిన ఏడాది కూడా ఆ మూడేళ్లలోనే ఉంది.

అప్పీలు పంపాక జవాబు రాకపోతే జీవితాంతం ఎదురుచూడాల్సిన పనీ లేదు. ఆర్నెల్లు చూసి, జవాబు లేదని చూపించి ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చని చట్టంలోనే ఉంది.

ట్రిబ్యునల్ 2009లో మొదలైంది. ఆంధ్రా, తెలంగాణ కేసులు చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. ఆమదాలవలసలో సాయంత్రం బండెక్కితే మర్నాడు చెన్నై. మామూలు మనిషికి అది ప్రయాణమే కాదు, తల గాయం ఉన్నవాడికి మాత్రం శిక్ష. బోగీలో లైట్లు, గోల మధ్య నిద్ర పట్టదు, నిద్ర లేకపోవడం ఫిట్స్‌ను పిలుస్తుంది. మొదటి వాయిదాకు బావను వెంట తీసుకెళ్లి తప్పు చేశాను. ప్రతి వాయిదాకూ మనిషి రానక్కర్లేదు, వకీలు చాలు. అవసరమైన రోజున మాత్రం ఒకరోజు ముందు చేరి, చీకటి గదిలో పడుకోబెట్టి, మాత్రలు వేళకు వేసి తీసుకెళ్లాలి. 2017లో మా పక్షాన ఉత్తర్వు వచ్చింది.

ఇక చిన్నచిన్నవి. “సర్వీసు పెన్షన్ వస్తోందిగా, ఈ 20 శాతానికి ఎంతొస్తుంది” అంటారు. పాత రూల్స్ కింద బయటికొచ్చినవాళ్లకు పూర్తి వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం డిసేబిలిటీ ఎలిమెంటు ఇస్తారు, తక్కువ వైకల్యానికి ఆ నిష్పత్తిలో. పైగా 50 శాతం లోపు ఉన్నదాన్ని 50కి పెంచి లెక్క కడతారు. సర్వీసు పూర్తి చేసుకుని రిటైరైనవాళ్లకు కూడా అది చెల్లుతుందని రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మా బావ 20 అలా 50 అయింది.

“సెలవులో జరిగింది, రాదు” అని కొందరు, “సెలవు కూడా డ్యూటీయే, తప్పక వస్తుంది” అని కొందరు. రెండూ నమ్మొద్దు. సెలవుపై ఇంటికి ప్రయాణం చేస్తుండగా గాయపడ్డ మదన్ సింగ్ షెఖావత్‌కు 1999లో సుప్రీంకోర్టు పెన్షన్ ఇచ్చింది. సెలవులో ఊళ్లో స్కూటరు మీద పడిన జుఝార్ సింగ్‌కు 2011లో ఇవ్వలేదు. సర్వీసుకూ ఆ క్షణానికీ సంబంధమేమిటన్నదే అక్కడ చూస్తారు.

తాగుడు సంగతి దాచమంటారు. తల గాయం తర్వాత కొంచెం మందుకే మనిషి తూలిపోతాడు, ఫిట్స్ పెరుగుతాయి. దాస్తే ఎవరో ఒకరు రాస్తారు, అప్పుడు జబ్బంతా తాగుడు ఖాతాలోకి పోతుంది. దెబ్బకు ముందు ఎంత, తర్వాత ఎంత, ఎప్పుడు మానేశాడు అని మనమే రాయాలి.

“కోపం, మతిమరుపు అంటే పిచ్చోడని ముద్రేస్తారు, పిల్లకు సంబంధాలు రావు.” నేను ఇంటింటా విన్న మాట ఇది, మా ఇంట్లో కూడా. దీనికి నా దగ్గర చట్టం జవాబేమీ లేదు. మా మేనకోడలికి సంబంధం వచ్చినప్పుడు మా చెల్లెలు దాచలేదు, పిల్లవాడి తల్లికి ముందే కూర్చోబెట్టి చెప్పింది. ఆవిడ తమ్ముడు కూడా మిలటరీవాడేనట, పెళ్లయింది.

బకాయిలో సగం తనకిస్తే పని చేయించిపెడతానని ఒకాయన మా ఊళ్లవైపు తిరుగుతుంటాడు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. 2025 జులైలో జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) మొదలుపెట్టిన వీర్ పరివార్ సహాయతా యోజన కింద సైనిక బోర్డుల దగ్గర ఉచిత న్యాయసహాయ కేంద్రాలు పెడుతున్నారు, ముందు అక్కడికి వెళ్లండి.

మా చెల్లెలు ఇప్పటికీ క్యాలెండర్లో సున్నాలు చుడుతోంది. పోయిన ఏడాది మొత్తం మీద నాలుగే సున్నాలు. కొత్త క్యాలెండరు వచ్చాక పాతది అట్టలకు వాడొద్దని మనవల దగ్గర నుంచి లాక్కుని, చుట్టచుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పెన్షన్ ఉత్తర్వు (పీపీఓ) పెట్టిన ట్రంకుపెట్టెలోనే పెట్టింది.